అర్జెంటీనా దేశమున నదృశ్యుల యన్వేషణము

మనుష్యుఁడు మరణించినచో వాని చరిత్రమునకు ముగింపు కలదు. జీవించియున్నచోఁ గొనసాగింపు కలదు. ఈ రెండు స్థితులకును జెందక నడుమ నిలిచిపోయినవాని విషయమున శాస్త్రములకెల్ల సంకటము గలుగుచుండును. వాని భార్య సువాసినియా, విధవయా? వాని సొత్తు దాయాదులు పంచుకొనవచ్చునా? వానికిఁ బిండప్రదానము చేయవచ్చునా? అను ప్రశ్నలు ధర్మశాస్త్రకారులను బూర్వమే బాధించినవి. దేశాంతరగతుఁడై వార్త తెలియనివానికై పండ్రెండేండ్లు వేచియుండి, పిమ్మటఁ బలాశపర్ణములతోఁ బ్రతికృతిని గావించి దహించి యుత్తరక్రియలు జరుపవలయునని నిబంధకారులలోఁ బెక్కండ్రు విధించిరి. 1872వ సంవత్సరపు భారత సాక్ష్యశాసనము వేఱొక మార్గముఁ ద్రొక్కి, యేడేండ్లు వార్త లేనివాఁడు బ్రదికియున్నాఁడని చెప్పువాఁడే దానిని నిరూపింపవలయునని నియమించెను. ఆ శాసనమునకు బదులుగా 2024లో నమలులోనికి వచ్చిన నూతనశాసనమునందును నీ నియమము నిలిచియున్నది.

ఈ రెండు విధానములకును మూలమైన యూహ యొక్కటియే. పోయినవాఁడు తనంతఁ బోయెను; వాని గతి యెవ్వరికిని దెలియదు; కావునఁ గాలమే నిర్ణయింపవలయును అనుట. కాని వాఁడు తనంతఁ బోక పట్టువడి పోయినచో నేమి చేయవలయును? వాని గతి నెఱిఁగినవారు రాజ్యాధికారమున నుండియుఁ జెప్పకున్నచో నేమి చేయవలయును? అట్టియెడఁ గాలనియమము ధర్మనిర్ణయమునకుఁ జాలదు; పైఁగా నది దాఁచినవానికే తోడుపడును. ఇరువదవ శతాబ్దమున నీ ప్రశ్న పలుదేశములలోఁ బుట్టినది. దక్షిణ అమెరికా ఖండమునందలి అర్జెంటీనా దేశమున దీనికి సమాధానము వెదకిన తీరు చరిత్రపరిశోధకులకు విశేషముగాఁ దెలిసికొనఁదగినది. అచ్చటి యన్వేషకులు శబ్దప్రమాణమును, లిఖితప్రమాణమును, అస్థులను, రక్తమును నొకదానితో నొకటి సరిచూచి లుప్తమయిన చరిత్రమును మఱల నిర్మించిరి.

పదవిచారము

ఇట్టివారిని స్పానిషు భాషలో ‘దేసపరెసీదో’ లందురు. కనఁబడుట యను నర్థముగల ధాతువునకు నిషేధార్థకమగు నుపసర్గమును జేర్చి, భూతార్థకకృదంతముగా నేర్పఱచిన పదమిది. ‘కానరాకపోయినవాఁడు’ అని దీని యర్థము. ధాతువు అకర్మకము. కావున నీ క్రియకుఁ గర్త పోయినవాఁడే గాని పోఁగొట్టినవాఁడు గాఁడు. వానిఁ బట్టినదెవరు, దాఁచినదెవరు, చంపినదెవరు అను ప్రశ్నలకు వాక్యమునందుఁ దావు లేదు. అధికారుల కీపద మనుకూలమగుట కిదియే హేతువు. 1979 డిసెంబరులో విలేకరులు ప్రశ్నింపఁగా సైనికాధ్యక్షుఁడు హోర్హే రఫాయెల్ విదేలా, అదృశ్యుఁడు అదృశ్యుఁడుగా నున్నంతవఱకు వానికి సత్తయే లేదనియు, వాఁడు మృతుఁడును గాఁడు, జీవించియున్నవాఁడును గాఁడనియుఁ బ్రత్యుత్తర మిచ్చెను.

పోయినవారి బంధువు లీపదమునే గ్రహించి యభియోగముగా మార్చిరి. క్రమముగా స్పానిషునందును నాంగ్లమునందును నీ ధాతువును సకర్మకముగాఁ బ్రయోగించు వాడుక ప్రబలినది. సంస్కృతమున ణిచ్ ప్రత్యయము ప్రయోజకకర్తను వాక్యములోనికిఁ దెచ్చునట్లు, ఈ ప్రయోగము దాఁగియున్న కర్తను బయటికి లాగినది. తెలుఁగున ‘మాయమయ్యెను’ అనుటకును ‘మాయము చేయఁబడెను’ అనుటకును గల భేదమే యిది. నేఁటి యంతర్జాతీయన్యాయశాస్త్రము దీనిని బలాత్కృతమయిన యదృశ్యీకరణముగా వ్యవహరించుచున్నది.

పాణినీయమునందు లోపమనఁగా నాశము గాదు. ఉండవలసినది కానరాకుండుటయే లోపము. అంతియ కాదు, లోపించిన ప్రత్యయము తన కార్యమును మానదు. క్విప్పు వంటి ప్రత్యయము నిశ్శేషముగా లోపించినను దానిని నిమిత్తముగాఁ గొనియే శబ్దము కృదంతమై ప్రాతిపదికసంజ్ఞను బొందుచున్నది. అర్జెంటీనా యదృశ్యుల వృత్తాంతము నీ న్యాయముతోఁ బోల్చి చూడవచ్చును. కనఁబడనివారే యా దేశపు న్యాయస్థానములను, శాసనములను, విజ్ఞానశాస్త్రమును గదలించిరి.

పూర్వకథ

1974 జూలై 1వ తేదీన నధ్యక్షుఁడు హువాన్ పెరోన్ మరణింపఁగా నాతని భార్య ఇసబెల్ అధ్యక్షపదవి నెక్కెను. మొంతొనేరోలు, ప్రజావిప్లవసేన యను సాయుధపక్షము లొకవంకను, అధికారుల ప్రాపున మెలఁగిన హంతకసంఘ మొకవంకను జెలరేఁగి దేశమును గలఁచివైచినవి. 1976 మార్చి 24వ తేదీన సేనానాయకులు ప్రభుత్వమును గూలఁద్రోసి పాలనమును దాము గైకొనిరి. భూసేనకు విదేలా, నౌకాదళమునకు మస్సేరా, వాయుదళమునకు అగోస్తి యధిపతులై త్రికూటముగా నేర్పడిరి. సైనికపాలనము 1983 డిసెంబరు 10వ తేదీవఱకు సాగినది.

వీరు ప్రత్యర్థులను బహిరంగముగా విచారించి శిక్షింపలేదు. రాత్రివేళ నాయుధపాణులు గుర్తుసంఖ్యలేని కారులలో వచ్చి యింటినుండియో, వీధినుండియో, పనిచేయు చోటినుండియో యువకులను, స్త్రీలను, కార్మికనాయకులను, విద్యార్థులను, న్యాయవాదులను బట్టుకొనిపోవుచుండిరి. కన్నులకు గంతలు గట్టి రహస్యబంధనాగారములలో నుంచి హింసించిరి. పిమ్మటఁ జంపి, కొందఱిని నామరహితముగా శ్మశానములందుఁ బూడ్చిరి; కొందఱిని మందుచేఁ దెలివి దప్పించి విమానములనుండి నదీముఖమునను సముద్రమునను బడఁద్రోసిరి. రాజధానియగు బ్యూనస్ అయిరెస్ నగరమందలి నౌకాదళ యంత్రవిద్యాలయ మీ క్రూరకార్యములకెల్లఁ బేరొందినది. సుమారు 5,000 మంది యందు బంధింపఁబడిరి; మిక్కిలి కొలఁదిమందియే ప్రాణములతో వెలువడిరి. 1995లో నౌకాదళోద్యోగి యైన అదోల్ఫో సిలింగో తానును నట్టి విమానములలోఁ బోయితినని పత్రికారచయిత యొద్ద నొప్పుకొనెను.

శవములనేల దాఁచిరి? విదేలా కారాగారమున నుండి చేసిన సంభాషణలు 2012లోఁ బ్రకటితమైనవి. చావవలసినవా రేడెనిమిదివేలమంది యుండిరనియు, లోకము వ్యతిరేకింపకుండుటకే దేహములను గానరాకుండఁ జేసితిమనియు నాతఁ డందుఁ జెప్పెను. ఈ తలంపు క్రొత్తది గాదు. 1941 డిసెంబరు 7వ తేదీన జర్మనీ నాజీప్రభుత్వము ‘రాత్రియు మంచును’ అను పేర నొక యాజ్ఞ వెలువరించి, యాక్రాంతదేశములందలి ప్రతిఘటనకారులను రహస్యముగాఁ గొనిపోయి బంధువులకు వార్త యందకుండఁ జేసినది. పోయినవాఁ డేమయ్యెనో తెలియకుండుటయే బ్రదికియున్నవారికి భయహేతువు కావలయునని దాని యుద్దేశము.

సాహిత్యలోకము నీ యుత్పాతమునకు లోనయ్యెను. నవలాకారుఁడు హారొల్దో కొంతి 1976 మే నెలలోఁ గొనిపోఁబడి మఱల రాలేదు. పత్రికారచయితయు కథకుఁడునగు రొదోల్ఫో వాల్ష్ 1977 మార్చి 24వ తేదీన సైనికకూటమునకు బహిరంగలేఖ వ్రాసి, వారి మొదటియేఁటి పాలనమందలి హత్యలను, బంధనములను, ఆర్థికదుర్నీతిని లెక్కలతోఁ జూపి, మఱునాఁడే వీధిలోఁ గాల్పులకు గుఱియయ్యెను. ఆతని దేహము దొరకలేదు. లేఖ నిలిచినది.

తల్లులు

మొదట నన్వేషణమునకుఁ బూనుకొన్నవారు పండితులు గారు, న్యాయాధిపతులు గారు; గృహకృత్యములందు మునిఁగియుండిన తల్లులు. వారు రక్షకభటాలయములకు, సైనికనివాసములకు, వైద్యశాలలకు, చర్చికార్యాలయములకుఁ దిరిగిరి. బందీని న్యాయాధిపతి యెదుట నిలుపుఁడని కోరు ప్రార్థనపత్రములు వేలకొలఁది దాఖలుచేయఁబడినవి. అట్టివాఁడు తమ యొద్ద లేఁడని యధికారులు వ్రాసి పంపఁగా, న్యాయస్థానములు వానిని ద్రోసిపుచ్చుచుండెను.

1977 ఏప్రిల్ 30వ తేదీన, అసుసేనా విల్యాఫ్లోర్ అను నామె ప్రోత్సాహమునఁ బదునలుగురు తల్లులు అధ్యక్షభవనము నెదుటి ప్లాసా దే మాయో యను చతుశ్శాలాంగణమునఁ గూడిరి. గుంపుగా నిలుచుట నిషిద్ధము, నడువుఁడని భటులు చెప్పఁగా, వారు నడుమనున్న స్మారకస్తంభమునకుఁ జుట్టును దిరుగ మొదలిడిరి. పిమ్మట గురువారము నిర్ణయదినమయ్యెను. ఒకరి నొకరు గుర్తించుకొనుటకై తలకుఁ దెల్లని వస్త్రమును గట్టుకొనిరి. మొదట నవి తమ బిడ్డల శైశవమున వాడిన గుడ్డలు. నిషేధవాక్యమునే యాధారముగాఁ గొని పుట్టిన యీ ప్రదక్షిణము పిమ్మట దశాబ్దములు కొనసాగినది.

ఆ యేఁటి చివరనే వారికి గొప్ప దెబ్బ తగిలినది. నౌకాదళోద్యోగి యగు అల్ఫ్రేదో అస్తీస్ తానొక యదృశ్యుని సోదరుఁడనని చెప్పికొని మాఱుపేరుతో వారిలోఁ జేరి, వారి రాకపోకలను దెలిసికొనెను. 1977 డిసెంబరు 8వ తేదీకిని 10వ తేదీకిని నడుమఁ బండ్రెండుగురు కొనిపోఁబడిరి. వారిలో అసుసేనా విల్యాఫ్లోర్, ఎస్తెర్ బల్యెస్త్రీనో, మరియా పోన్సె యను తల్లులును, అలీస్ దొమోన్, లియొనీ ద్యుకే యను ఫ్రెంచి సన్న్యాసినులును గలరు. బల్యెస్త్రీనో కూఁతురు అంతకుముందే చెఱవీడి యింటికి వచ్చియుండెను. తన బిడ్డ దొరకినను తక్కినవారి బిడ్డలు దొరకలేదని యామె యా పనిని విడువలేదు.

1979 సెప్టెంబరులో అమెరికాఖండదేశముల మానవస్వత్వసమితి యర్జెంటీనాకు వచ్చి 5,580 ఫిర్యాదులను స్వీకరించెను. బంధువులు వీధిపొడవునను బారులు దీరి నిలిచిరి. అదే కాలమున సైనికప్రభుత్వ మొక శాసనము చేసి యదృశ్యులను మృతప్రాయులుగాఁ బ్రకటించుకొను వీలు గల్పించినది. బంధువులలోఁ బెక్కండ్రు దానిని నిరాకరించిరి. చంపినవాఁడు చెప్పకుండఁ దల్లియే బిడ్డ చచ్చెనని సంతకము చేయుట యెట్లని వారి వాదము. ధర్మశాస్త్రమందలి పండ్రెండేండ్ల నియమమునకును నీ శాసనమునకును గల భేద మిచ్చట స్పష్టము. అచ్చట నెవ్వరికిని దెలియదు. ఇచ్చటఁ దెలిసినవాఁడే శాసనకర్త.

సాక్ష్యసంగ్రహము

1982లో మల్వినాస్ ద్వీపములకై బ్రిటనుతోఁ జేసిన యుద్ధమున నోడిన పిమ్మట సైనికపాలనము కుంటుపడినది. తొలఁగుటకు ముందు చివరి సైనికాధ్యక్షుఁడు బిగ్నోనె ప్రభుత్వము దమ్ముఁ దాము క్షమించుకొను శాసనమును జేసికొని, బందీలకు సంబంధించిన పత్రములను నాశనము చేయుఁడని యుత్తరువిచ్చెను. కావున నన్వేషకుల కందిన రాజ్యలేఖ్యములు కొలఁదియే.

ఎన్నికలలో గెలిచిన రౌల్ అల్ఫోన్సిన్ 1983 డిసెంబరు 10వ తేదీన నధ్యక్షుఁడయ్యెను. ఐదు దినములకే యదృశ్యులఁ గూర్చి విచారించుటకు జాతీయసమితి నేర్పఱచి, నవలాకారుఁడు ఎర్నెస్తో సాబతోను దానికిఁ బెద్దఁజేసెను. సమితి 1984 సెప్టెంబరు 20వ తేదీన నివేదిక సమర్పించెను. ‘ఇఁక నెన్నఁడును వలదు’ అని దాని పేరు. సుమారు 340 రహస్యబంధనాగారము లుండెననియు, 8,960 మంది యదృశ్యులుగా నిలిచియున్నారనియు నది తేల్చెను. ఈ సంఖ్య ముగిసినది గాదనియుఁ దానే చెప్పెను.

పత్రములు లేని చోట సమితి యేమి చేసినది? బ్రదికి బయటపడినవారి వాఙ్మూలములను బ్రోగుచేసెను. వారు కన్నులకు గంతలతో నుండిరి, చూచినది తక్కువ. కాని దిగిన మెట్ల సంఖ్య, తలుపు చప్పుడు, దాపున రైలుబండి కూఁత, నేల గచ్చు స్పర్శ, పొరుగుబందీ దగ్గు వారి జ్ఞాపకమున నుండెను. ఒకరి నొకరు చూడనివారు వేర్వేఱుచోట్లఁ జెప్పిన గుర్తులను సరిపోల్చి పటములు గీసి, యా పటములతో భవనములకుఁ బోయి చూడఁగా, గోడలు కొట్టి మార్చినచోటను మెట్లజాడలు దొరకినవి. శిథిలశాసనమున నొక ప్రతిలోఁ బోయిన యక్షరములను వేఱొక ప్రతినుండి పూరించు పండితుని పని యిట్టిదే. ముద్రణవృత్తియందు నేర్పరియగు విక్తోర్ బస్తెర్రా నౌకాదళ విద్యాలయమున బందీగానుండి కూటపత్రములను దయారుచేయ నియోగింపఁబడెను. ఆతఁడు బందీలయొక్కయు నధికారులయొక్కయు ఛాయాపటములను రహస్యముగా వెలికిఁ జేర్చి, 1985లో న్యాయస్థానమున సాక్ష్యమిచ్చెను. ఆ యేఁడు డిసెంబరు 9వ తేదీన విదేలా, మస్సేరాలకు యావజ్జీవశిక్ష పడినది. పిదప 1986-87లలోఁ జేసిన శాసనములును, 1989-90లలో నిచ్చిన క్షమాపణలును విచారణలను నిలిపివేసినవి. 2003లోఁ బార్లమెంటు ఆ శాసనములను రద్దుచేసెను. 2005లో నత్యున్నతన్యాయస్థానము వానిని రాజ్యాంగవిరుద్ధములని నిర్ణయించెను.

అస్థిపరీక్ష

1984 ఆరంభమున న్యాయాధిపతుల యుత్తరువులమీఁద శ్మశానములందలి నామరహితసమాధులను ద్రవ్వింపఁదొడఁగిరి. యంత్రములతోఁ ద్రవ్వుటచే నెముకలు విఱిగి, యొకరివి వేఱొకరివానితోఁ గలిసి, సాక్ష్యమంతయుఁ జెడుచుండెను. అది చూచి సమితియు, బంధువులును అమెరికా సంయుక్తరాష్ట్రముల శాస్త్రజ్ఞులను సహాయముఁ గోరిరి. క్లైడ్ స్నో యను నస్థిశాస్త్రవేత్త 1984 జూనులో వచ్చి, అనుభవజ్ఞులు ముందుకు రాకపోఁగా, మానవశాస్త్రమును వైద్యమును జదువుకొను విద్యార్థులఁ జేర్చుకొని పని నేర్పెను. వారే అర్జెంటీనా న్యాయమానవశాస్త్ర బృందముగా నేర్పడి, తరువాత ననేకదేశములకుఁ బోయి యీ విద్యను వ్యాపింపఁజేసిరి.

వారి పద్ధతి పురాతత్త్వశాస్త్రముది. మన్నును పొరపొరగాఁ దీయవలయును. ప్రతియెముక యున్నచోటును గుర్తింపవలయును. బట్టలను, గుండ్లను, పండ్లను విడిగా నుంచవలయును. ఇది యొక పార్శ్వము. ఇంకొక పార్శ్వమున శ్మశానపు చిట్టాలు, శవాగారపు పట్టికలు, వ్రేలిముద్రలు, వైద్యుల ధ్రువపత్రములు చదువవలయును. హత్యను దాఁచిన ప్రభుత్వమే శవమును బూడ్చుటకుఁ బత్రము వ్రాసియుంచినది. అలవాటుపడిన గుమాస్తాల కలము నాగలేదు. అట్టి పత్రములలో మృతుని పేరుండవలసినచోట ‘ఎన్.ఎన్.’ అని యుండును. పేరెఱుఁగనని చెప్పు లాటిను మాటల తొలియక్షరములకు నిది సంక్షేపము. అవెల్యనేదా శ్మశానమున 1988 మొదలు 1992 వఱకుఁ ద్రవ్వఁగా మూఁడువందలకుఁ బైఁబడిన యస్థిపంజరములు వెలువడినవి. తుకుమాన్ పరగణాలో ‘వర్గాస్ నుయ్యి’ యను పాతబావినుండి తీసిన యెముకలవలన నూఱుగురకుఁ బైఁగా గుర్తింపఁబడిరి.

ప్రమాణములు సంవదించుటకు విల్యాఫ్లోర్ వృత్తాంతము మంచి యుదాహరణము. 1977 డిసెంబరు చివర సాంత తెరెసీతా సముద్రతీరమునకుఁ గొన్ని శవములు కొట్టుకొనివచ్చినవి. మిక్కిలి యెత్తునుండి కఠినవస్తువుపైఁ బడినట్లు దెబ్బలున్నవని వైద్యులు వ్రాసిరి. వానిని జనరల్ లవల్యె శ్మశానమున నామరహితముగాఁ బూడ్చిరి. 2005లో బృందము వానిని వెలికిఁదీసి, కణపరీక్షచే విల్యాఫ్లోర్, బల్యెస్త్రీనో, పోన్సె, ద్యుకేలను గుర్తించినది. విఱిగిన యెముకలు వైద్యుల వ్రాఁతతో సరిపోయినవి. బందీగానుండి బ్రదికిన పత్రికారచయిత్రి మిరియం లెవిన్, ఛాయాగ్రాహకుఁడు జన్‌కార్లో చెరౌదోయును నన్వేషింపఁగా, నాఁటి విమాన మొకటి అమెరికాలోని ఫ్లారిడాలో 2010లో దొరకినది. దాని గమనపత్రములందు 1977 డిసెంబరు 14వ తేదీన రాత్రివేళ మూఁడుగంటలు పైఁగా నెగిరినట్లు వ్రాయఁబడియుండెను. సముద్రము తిరిగి యిచ్చిన దేహములు, వైద్యుల పత్రము, విమానపు చిట్టా, బ్రదికినవారి మాట యను నాలుగును నేకవాక్యతను బొందినవి. 2017 నవంబరులో న్యాయస్థానము విమానచోదకులకు యావజ్జీవశిక్ష విధించెను. అలీస్ దొమోన్ దేహము మాత్రము దొరకలేదు.

ఈ త్రవ్వకము లందఱికిని సమ్మతములు గావు. తల్లుల సంఘము 1986లో రెండుగాఁ జీలినది. హెబె దె బొనఫీని నాయకత్వమునందలి శాఖ, ప్రాణములతోఁ గొనిపోఁబడినవారిని బ్రాణములతోనే యీయవలయునని పట్టుపట్టి, యెముకలను స్వీకరింపఁగూడదనెను. ఎముకల మూటతోఁ బ్రతికుటుంబము వేర్వేఱుగా దుఃఖించి యూరకుండునని, చంపినవాని పేరు చెప్పక వ్యవహారము ముగియునని వారి భయము. అది నిర్హేతుకము గాదు. 1986-87ల శాసనములు దానిని బలపఱచినవి. కాని రెండవపక్షము చెప్పినదియుఁ గాలముచే నిజమైనది. ఎముక సంస్కారయోగ్యవస్తువు మాత్రమే కాదు, సాక్షి. బొనఫీని వాదము న్యాయమును గోరినది. ఆ న్యాయమునకు వలయు సాక్ష్యము త్రవ్వకములవలననే లభించినది.

మనుమల యన్వేషణము

బందీలలో గర్భిణు లుండిరి. వారు చెఱలోఁ బ్రసవించిన పిమ్మటఁ జంపఁబడిరి. శిశువులను సైనికోద్యోగులకును దదాశ్రితులకును నిచ్చి, తప్పుడు జననపత్రములు వ్రాసిరి. ఇట్టివా రించుమించు 500 మంది యని యంచనా. వీరిని వెదకుటకై 1977 అక్టోబరులోఁ బండ్రెండుగురు స్త్రీలు మాతామహీపితామహుల సంఘము నేర్పఱచిరి. పిమ్మట ఎస్తేలా దె కార్లోత్తో దాని కధ్యక్షురాలై చిరకాలము నడపెను.

వీరి చిక్కు తల్లుల చిక్కుకంటె వేఱు. బిడ్డ కనఁబడినను వాఁడు తనవాఁడని నిరూపించు టెట్లు? తలిదండ్రులు లేరు, జననపత్రము కూటలేఖ్యము, బిడ్డకే తన కథ తెలియదు. నాఁటి రక్తపరీక్షలు తలిదండ్రులు బ్రదికియున్నప్పుడే పనికివచ్చుచుండెను. అవ్వలు విదేశములకుఁ బోయి శాస్త్రజ్ఞులను బ్రశ్నించిరి: తండ్రి రక్తము లేకున్నఁ దాతల రక్తము చాలదా? అమెరికాలోని మేరీ క్లెయిర్ కింగ్ మొదలగువారు గణితముతో దానికి సమాధానము గనిరి. 1984లో నీ పరీక్షచేతఁ దొలిసారి యొక బాలిక తన యవ్వ యింటికిఁ జేరినది. 1987లో శాసనమువలన జాతీయజన్యువివరనిధి యేర్పడినది. వృద్ధులైన యవ్వలు తాము పోయినను తమ రక్తము సాక్ష్యమిచ్చునట్లు దానిని నిక్షేపించిరి.

కణములలోఁ గేంద్రమునకు వెలుపలనుండు నొక జన్యుభాగము తల్లినుండి మాత్రమే బిడ్డకు వచ్చునని కింగ్ గ్రహించి, దానిని నీ పనికి వినియోగించెను. గోత్రప్రవరలు తండ్రివలన సంక్రమించును. ఈ వంశలేఖ్యము తల్లివలన మాత్రమే సంక్రమించును. కావున మాతామహి యొక్కతె యున్నను మనుమని గుర్తింపవచ్చును. ఈ యవ్వల ప్రయత్నమువలననే 1989వ సంవత్సరపు శిశుస్వత్వముల యంతర్జాతీయసమయమున, బిడ్డకుఁ దన గుర్తింపును గాపాడుకొను హక్కు గలదను ప్రకరణము చేరినది. 2025 నాటికి 140 మంది యన్వేషణము ముగిసినది. కార్లోత్తో మనుమఁడు 2014లో దొరకెను.

కవి హువాన్ హెల్మన్ కుటుంబమునఁ బైని జెప్పిన యన్వేషణము లన్నియు నొక్కచోఁ గూడినవి. 1976లో నాతని కుమారుఁడును గర్భిణియగు కోడలును గొనిపోఁబడిరి. సిమెంటు నింపిన పీపాయిలో దొరకిన కుమారుని యస్థులను 1990 ప్రాంతమున నస్థిశాస్త్రబృందము గుర్తించెను. కోడలిని ఉరుగ్వే దేశమునకుఁ గొనిపోయిరి; ఆమె యందుఁ బ్రసవించెను. కవి యిరువదేండ్లకుఁ బైఁగా వెదకి, 2000లో మనుమరాలిని గనుఁగొనెను. కోడలి దేహము దొరకలేదు. 2007లో స్పానిషు సాహిత్యమున మిక్కిలి గౌరవనీయమగు సెర్వాంతెస్ బహుమాన మాతనికి లభించినది.

సంఖ్యావాదము

అదృశ్యు లెందఱను వివాదము నేఁటికిని సమసిపోలేదు. సమితి లెక్క 8,960. మానవస్వత్వసంఘములు 30,000 అని వాడుదురు. చిలీదేశపు గూఢచారి యొకఁడు 1978 జూలైలోఁ దన యధికారులకుఁ బంపిన లేఖలో, 1975 మొదలు నాఁటివఱకుఁ జచ్చినవారును నదృశ్యులును 22,000 మందియని అర్జెంటీనా సైనికగూఢచారవిభాగపు లెక్కగాఁ దెలిపెను. విదేలా యొప్పుకొన్నది యేడెనిమిదివేలు.

చరిత్రకారుఁ డీ సంఖ్యలను గలగాపులగము చేయఁగూడదు. మొదటిది పేరుపేరున నమోదైనవారి పట్టిక. రెండవది యంచనా, పోరాటమున కొక సంకేతము. మూఁడవది శత్రువు తనకుఁ దాను వ్రాసికొన్న లెక్క. నాలుగవది యపరాధి యొప్పుకోలు. ఒక్కొక్కదానికి దానిదే ప్రామాణ్యము. పట్టికలోఁ జేరనివారు లేరని వాదించుట సరిగాదు. పల్లెలలోను గూలివాడలలోను ఫిర్యాదు చేయుటకు భయపడినవా రుండిరి. అట్లే యంచనాను గణితసిద్ధాంతముగాఁ జెప్పుటయు సరిగాదు. కాని యొక్క విషయము నిర్వివాదము. నిజమైన సంఖ్య యెఱిఁగినవారు పత్రములను నశింపఁజేసిరి. దస్తావేజును దగులఁబెట్టినవాఁడు దస్తావేజు లేదని వాదించుట కే వ్యవహారధర్మమును నొప్పుకొనదు. సంఖ్య తేలకపోవుట యా యపరాధమున కొక భాగమే గాని దానికిఁ బరిహారము గాదు.

ఫలితములు

1994లో అర్జెంటీనా యొక క్రొత్త శాసనము చేసి, ‘బలాత్కారముచే నదృశ్యుఁడై లేనివాఁడు’ అను స్థితిని న్యాయశాస్త్రమునఁ బ్రవేశపెట్టినది. దానివలన వివాహము, ఆస్తి మొదలగువాని విషయమున మరణప్రకటనమునకుఁ గల ఫలితములే కలుగును. కాని వాఁడు మరణించెనని యెవ్వరును జెప్పనక్కఱలేదు. ధర్మశాస్త్రము పర్ణప్రతికృతితోఁ గల్పించిన మరణము నీ శాసనము కల్పింపలేదు. స్థాని కానరాకున్నను దన్నిమిత్తకమయిన కార్యము సాగునట్లు మాత్రము చేసినది.

2006 డిసెంబరు 20వ తేదీన నైక్యరాజ్యసమితి మహాసభ బలాత్కృతాదృశ్యీకరణమునుండి యెల్లరను రక్షించు సమయపత్రము నంగీకరించెను. 2010 డిసెంబరులో నది యమలులోనికి వచ్చినది. పోయినవాఁడు మాత్రమే కాక వానికై బాధపడిన బంధువులును బాధితులేయనియు, నిజము దెలిసికొనుట వారి హక్కనియు నది చెప్పుచున్నది. భారతదేశము 2007లో దానిపై సంతకము చేసినదే కాని స్థిరీకరింపలేదు.

ఫలిత మెంత? అస్థిశాస్త్రబృందము గుర్తించినవారు సుమారు 800 మంది. వందలకొలఁది యస్థిపంజరములు నేఁటికిని బేరు తెలియక పెట్టెలలో నున్నవి. వేలకొలఁది పేర్లకు నేఁటికిని నెముకలు దొరకలేదు. 2007లో నారంభించిన కార్యక్రమమునఁ దమ రక్త మిచ్చిన బంధువులలో వృద్ధులు గతించుచున్నారు. వారి రక్తము మాత్రము సాక్ష్యమునకు నిలిచియున్నది. అసుసేనా విల్యాఫ్లోర్ చితాభస్మమును 2005 డిసెంబరు 8వ తేదీన, తల్లులు ప్రదక్షిణము చేసిన ప్లాసా దె మాయో నడుమ స్తంభము మొదట నిక్షేపించిరి. నౌకాదళ యంత్రవిద్యాలయము స్మారకమయ్యెను. 2023లో యునెస్కో దానిని ప్రపంచవారసత్వస్థలముల పట్టికలోఁ జేర్చినది. అందు బందీలు గోడలపై గీచిన గీఁతలు న్యాయస్థానమునకు వలయు సాక్ష్యములుగా నేఁటికిని రక్షింపఁబడుచున్నవి.